ఓట్లు చీల్చినవా రెవరు?

ఎన్నికల ఫలితములు వెలువడిన దినమున మన గ్రామములలో రెండు వస్తువులు తప్పక పంచబడును. గెలిచినవారి వాకిట మిఠాయి పంచబడును. ఓడినవారి వాకిట "ఓట్లు చీలినవి" అను మాట పంచబడును. గ్రామ సర్పంచి మొదలు పార్లమెంటు సభ్యుని వరకు ఏ యెన్నికకును ఈ మాట తప్పినట్లు మే మెరుగము. తన లోపమువలననే ఓడితినని చెప్పుకొనువాడు అరుదు. మూడవవా డెవడో నడుమ వచ్చి తన ఓట్లు కొల్లగొట్టుకొని పోయెనని చెప్పుట పరిపాటి. ఆడలేక మద్దెల ఓడన్న సామెత మన పెద్దలు ఊరక పుట్టింపలేదు.

ఈ మాట మన దేశమునకే సొంతము గాదని ఈ నడుమ మాకు తెలిసినది. సూర్యాపేట జిల్లా అనంతగిరిలో మేమొక బంధువుల యింట నుండగా, అమెరికాలో నున్న ఆ యింటి చిన్నకుమారుడు తల్లితో ఫోనులో మాటలాడుచుండెను. అచ్చట దేశాధ్యక్షుని ఎన్నికకు ముందు పార్టీలలో జరుగు ప్రైమరీలను గూర్చి ప్రసంగము వచ్చినది. గెలువజాలని యొక అభ్యర్థి నడుమ నిలిచి ఓట్లు చీల్చుటచేతనే మంచివాడు వెనుకబడెనని యతడు వాపోవుచుండెను. తల్లి పెద్దగా చదువుకొన్నది కాదు. అంతయు ఓపికగా విని యిట్లడిగినది: "ఆయనకు ఓటేసినోళ్లు బలిమికి వేసిండ్రా బిడ్డా, ఇష్టపడి వేసిండ్రా?" "ఇష్టపడే వేసిండ్రమ్మా" అని కుమారు డనెను. "మరి చీల్చిండు అంటవేంది? ఆ ఓట్లు ముందుగాల ఎవరివి?"

కుమారుడు నవ్వి మాట మార్చెను గాని, ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. ఓటు చీలినదన్న, చీలకముందు అది యొకరి సొత్తుగా నుండవలయును గదా! అది యెవరి సొత్తు? ఈ సంగతిని మన సోదరీమణులు తమంతట తాము విచారించుకొనుట అవసరమని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పండుగపూట పిండివంట

ఓట్లు చీలుట యనగా నేమో ముందు మన వంటింటి లెక్కలోనే చూతము. ఒక యింట తొమ్మిదిమంది యున్నారనుకొందము. పండుగకు ఒక్క పిండివంటయే చేయుటకు వీలున్నది. గారెలు కావలెనని నలుగురు, భక్ష్యములు కావలెనని ముగ్గురు, పాయసము కావలెనని ఇద్దరు చేతు లెత్తిరి. ఎక్కువ చేతులు గారెలకే లేచినవి గనుక గారెలే వండవలసివచ్చెను. కాని ఆ యింట తీపి కోరినవారు ఐదుగురు! ఎక్కువమంది తీపి కోరిన యింట కారపు వంటకము గెలిచినది.

అప్పుడు భక్ష్యములవారు పాయసమువారిపై కోపగించి, "మీ రిద్దరు మాతో చేరియుండిన మనము ఐదుగుర మగుదుము గదా! మీ వలననే తీపి లేకపోయె" నందురు. పాయసమువారు, "మీరు ముగ్గురు మాతో చేరినను ఐదుగురమే గదా!" యందురు. రెండు మాటలును లెక్కకు సరియైనవే. ఎవరి సంఖ్య తక్కువయో వారినే చీల్చినవారనుట లోకరీతి. అంతే తప్ప అందు వేరు న్యాయము లేదు.

ఇందు తప్పెవరిది? పాయసము కోరుట నేరము గాదు. తప్పు అడిగిన తీరులో నున్నది. ఒక్కసారి మాత్రమే చేయెత్తవలెననియు, ఎవరికి ఎక్కువ చేతులు లేచిన వారిదే గెలుపనియు పెట్టిన నియమములో నున్నది. మన శాసనసభకును లోక్‌సభకును ఎన్నికలు ఈ నియమము ప్రకారమే జరుగుచున్నవి. సగముకంటె ఎక్కువ ఓట్లు రావలెనను నిబంధన లేదు. తక్కిన యొక్కొక్కరికంటె ఒక్క ఓటు ఎక్కువ వచ్చిన చాలును. ఈ నియమ మున్నంతకాలము "చీల్చినవాడు" అను మాటయు నుండును.

అమెరికాలో జరిగినది

ఈ చిక్కును తప్పించుకొనుటకు అమెరికాలో పెద్ద పక్షములకు ప్రైమరీలు కొంత ఉపకరించును. తమలో ఎవరిని అధ్యక్ష పదవికి నిలుపవలయునో రాష్ట్రము రాష్ట్రమునకు ముందుగా ఓటు వేసి తేల్చుకొందురు. ఇంటి తగవు ఇంటనే తీర్చుకొని, ఒక్క మనిషితో వీధిలోనికి వచ్చుటకు ఇది వీలు కల్పించును. కాని ఇంట తీరని తగవు వీధి కెక్కిన సందర్భములును కలవు.

1912లో రిపబ్లికను పక్షమున అప్పటి అధ్యక్షుడు టాఫ్టునకును, మాజీ అధ్యక్షుడు థియోడరు రూజ్వెల్టునకును పోటీ యేర్పడెను. ప్రైమరీలు జరిగిన రాష్ట్రములలో ఎక్కువచోట్ల రూజ్వెల్టే గెలిచెను. అప్పటికి ప్రైమరీలు లేని రాష్ట్రములే హెచ్చు. అచ్చట పార్టీ పెద్దల మాటయే చెల్లెడిది. తుదకు మహాసభలో టాఫ్టే అభ్యర్థి యయ్యెను. రూజ్వెల్టు అలిగి బయటికి వచ్చి, ప్రోగ్రెసివ్ పార్టీ పేర వేరుగా నిలిచెను. ఫలిత మేమనగా, రూజ్వెల్టునకు నూటికి 27, టాఫ్టునకు 23 ఓట్లు రాగా, 42 ఓట్లు మాత్రమే వచ్చిన డెమొక్రటిక్ పక్షపు వుడ్రో విల్సన్ అధ్యక్షు డయ్యెను. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్లాయెను. ఓట్లు చీల్చినవారి పేర్లు చెప్పునప్పుడు నేటికిని రూజ్వెల్టు పేరు ముందు చెప్పుదురు.

కాని స్త్రీలమైన మనము ఆ కథలో మరియొక పుట తిప్పి చూడవలయును. ఆ చీల్చిన పార్టీయే ఆ సంవత్సరము తన ప్రణాళికలో స్త్రీలకు ఓటుహక్కు కావలెనని వ్రాసికొన్నది. పేదల సేవకై ప్రసిద్ధిచెందిన జేన్ ఆడమ్స్ అను విదుషీమణి ఆ పార్టీ మహాసభలో నిలువబడి రూజ్వెల్టు పేరును బలపరచినది. ఆనాడు టాఫ్టు పక్షముగాని విల్సన్ పక్షముగాని స్త్రీల ఓటు మాటను తమ ప్రణాళికలో చేర్చలేదు. నాలుగేండ్లు గడచిన పిమ్మట 1916లో రెండు పెద్ద పక్షములును చేర్చుకొన్నవి. 1920లో రాజ్యాంగ సవరణవలన ఆ హక్కు దేశమంతటను సిద్ధించినది. ఓడినవాని మూటలోని మాట గెలిచినవారి నోటికి ఎట్లు వచ్చునో ఇందు చూడవచ్చును.

2000 సంవత్సరపు కథ ఇంకను చిత్రమైనది. ఆ దేశపు అధ్యక్ష పదవి తుదకు ఫ్లోరిడా యను నొక్క రాష్ట్రముమీద నిలిచినది. అచ్చట జార్జి బుష్, ఆల్ గోర్‌కంటె 537 ఓట్లు మాత్రమే ఎక్కువ పొందెను. మూడవ అభ్యర్థి రాల్ఫ్ నేడర్‌కు ఆ రాష్ట్రముననే 97 వేలకు పైగా ఓట్లు వచ్చినవి. గోర్ పక్షమువారు నేడర్‌ను తిట్టని తిట్టు లేదు. కాని నేడర్ లేకున్నచో ఆ ఓట్లన్నియు ఎచ్చటికి పోయెడివి? కొన్ని గోర్‌కు, కొన్ని బుష్‌కు. మరికొందరు ఇల్లు కదలకయే యుందురు. పైగా అదే రాష్ట్రములో పామ్ బీచ్ అను జిల్లాయందు బ్యాలెటు కాగితమును తికమకగా అచ్చువేయుటచే, గోర్‌కు వేయనెంచినవారు అనేకులు వేరొకరి యెదుట గుర్తు పెట్టిరని పెద్ద అలజడి పుట్టినది. ఇష్టపడి వేసిన ఓటు వేరు, పొరబడి వేసిన ఓటు వేరు. ఈ భేదమును మన మిచ్చట గట్టిగా పట్టుకొనవలయును. మున్ముందు చెప్పబోవు మన జిల్లా సంగతులకు ఇదియే తాళపుచెవి.

ఏడువందల యేబదియారు

ఇప్పుడు మన యింటికి వత్తము. అనంతగిరి మండలము 2016లో సూర్యాపేట జిల్లాతో బాటు ఏర్పడినది. శాసనసభకు ఇది కోదాడ స్థానములోనిది. 2018 ఎన్నికలలో ఆ స్థానమున తెలంగాణ రాష్ట్ర సమితి తరఫున బొల్లం మల్లయ్య యాదవ్ గారును, కాంగ్రెసు తరఫున పద్మావతి రెడ్డి గారును ప్రధానముగా పోటీపడిరి. ఒక్కొక్కరికి 88 వేలకు పైగా ఓట్లు వచ్చినవి. తేడా 756 మాత్రమే! పద్మావతి గారు ఓడిరి.

756 ఓట్లనగా ఒక చిన్న పల్లెటూరి ఓట్లు. ఇంత సన్నని తేడా యున్నప్పుడు పోటీలోని ప్రతి స్వతంత్రుడును చీల్చినవానివలెనే కనబడును. వానదినమున బస్సు దొరకక ఊరు చేరనివారును, కూలికి పొరుగూరు పోయి తిరిగిరాని కుటుంబములును, జ్వరముతో మంచము దిగని ముసలివారును ఆ లెక్కకు సమానముగా కారకులే. ఐనను నిందమాత్రము నిలిచిన స్వతంత్రునిమీదనే పడును, వాని పేరు కాగితముమీద కనబడును గనుక. 2023లో మరల ఆ యిరువురే యెదురుపడగా, పద్మావతి గారు 58 వేలకు మించిన ఆధిక్యముతో గెలిచిరి. అప్పుడును పోటీలో స్వతంత్రులు లేకపోలేదు. కాని చీలికమాటకు తావు లేకపోయినది. దీనినిబట్టి చీల్చుట యనునది నిలిచినవాని గుణము కాదనియు, గెలుపోటముల నడుమనున్న సందు ఇరుకైనప్పుడు పుట్టు మాట యనియు తెలియుచున్నది.

పోలికవలన పొరపాటు

ఐనను చీలిక యంతయు కల్లయని మేము చెప్పబోము. పాత నల్లగొండ జిల్లాలోనే జరిగిన కొన్ని సంగతులు వినదగినవి. తెలంగాణ రాష్ట్ర సమితికి కారు గుర్తు. 2018లో నకిరేకల్ స్థానమున ఆ పార్టీ అభ్యర్థి యెనిమిదివేల పైచిలుకు ఓట్లతో ఓడగా, అదే స్థానమున లారీ గుర్తుకు పదివేలకు పైగా ఓట్లు వచ్చినవి. 2019లో భువనగిరి లోక్‌సభ స్థానమున ఆ పార్టీ 5,219 ఓట్లతో ఓడినది; అచ్చట రోడ్డురోలరు గుర్తుకు దాదాపు 28 వేల ఓట్లు వచ్చినవి. తమకు వేయనెంచిన వృద్ధులు గుర్తుల పోలికచే పొరబడిరని ఆ పార్టీవారు మొరపెట్టుకొనిరి.

2022లో మునుగోడు ఉపఎన్నికయందు ఈ గొడవ మరింత ముదిరెను. నలువదియేడుగురు అభ్యర్థులు నిలిచిరి. కారును పోలిన గుర్తులు తొలగింపవలెనని ఆ పార్టీవారు హైకోర్టునకు పోయినను ఫలము లేకపోయెను. ఒక అభ్యర్థికి లభించిన రోడ్డురోలరు గుర్తును స్థానిక ఎన్నికల అధికారి మార్చగా, ఎన్నికల సంఘము ఆ గుర్తును అతనికే తిరిగి యిప్పించి, ఆ అధికారిని ఆ పనినుండి తప్పించెను. తుదకు ఆ పార్టీయే పదివేల పైచిలుకు ఆధిక్యముతో గెలుచుటచే వివాదము చల్లారినది. ఆ గుర్తులు పొందిన అభ్యర్థులు మోసము చేసిరని మే మనజాలము; వారికవి చట్టప్రకారము లభించినవే. కాని కండ్లు మసకబారిన ముసలమ్మ, చిన్న పెట్టెమీద బండిచక్రముల బొమ్మ చూచి మీట నొక్కినచో, ఆమె మనసులోని మాట ఒకటి, లెక్కలో చేరిన మాట మరొకటి యగును.

పేర్ల పోలిక గూడ ఇట్టిదే. కేరళలో 2004న ఆలప్పుళ లోక్‌సభ స్థానమున సుధీరన్ అను ప్రసిద్ధ నాయకుడు వేయి పైచిలుకు ఓట్లతో ఓడెను. అదే పేరుగల మరియొక అభ్యర్థికి అచ్చట ఎనిమిదివేలకు పైగా ఓట్లు వచ్చినవి. ఇట్టి చిక్కులను తగ్గించుటకే 2015 నుండి ఓటింగు యంత్రముమీద పేరును గుర్తును గాక అభ్యర్థి ఛాయాచిత్రమును గూడ ముద్రించుచున్నారు. పొరబడి పడిన ఓటు నిజముగా పోయిన ఓటే. దానిని గూర్చి చింతించుట న్యాయము. కాని ఇష్టపడి వేసిన ఓటును ఈ గాటనే కట్టుట అన్యాయము. ఆ సంగతి చెప్పుటకు నల్లగొండ నీటికథ వినిపింపవలయును.

నీటికొరకు నిలిచిన నాలుగువందల యెనుబదిమంది

కోదాడ, హుజూర్‌నగరు, మిర్యాలగూడ ప్రాంతపు పొలములకు నాగార్జునసాగరు ఎడమకాలువ నీరు వచ్చుచున్నది. కాని అదే పాత నల్లగొండ జిల్లాలో మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపున ఆ కాలువ లేదు. అచ్చటివారు తరతరములు బావినీటిని, బోరునీటిని త్రాగిరి. ఆ రాతినేలలోని నీటిలో ఫ్లోరైడు హెచ్చు. లీటరు నీటిలో అది ఒకటిన్నర మిల్లీగ్రామునకు మించరాదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మించిన నీటిని ఏండ్లతరబడి త్రాగినచో పిల్లల పండ్లు గారపట్టును, కాళ్లు దొడ్డికాళ్లగును, నడుము వంగి మరల నిలువదు. నడివయసు రాకముందే కఱ్ఱ పట్టినవారు ఆ యూళ్లలో ఎందరో. పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరులోని ప్రభుత్వ పరిశోధనశాలవారు కనిపెట్టగా, దానికి "నల్లగొండ పద్ధతి" యని పేరు వచ్చినది. ఆఫ్రికాలోని టాంజానియాలో గూడ ఇంటి బకెట్లలో ఈ పద్ధతిని ఉపయోగించిరి. ఒక జిల్లా పేరు లోకమునకు ఇట్లు తెలియుట గర్వింపదగినదో దుఃఖింపదగినదో పాఠకురాండ్రే చెప్పవలయును.

నీరు మోయునది స్త్రీ; ఆ నీటితో వండునది స్త్రీ; ఆ నీరు త్రాగి వంకరపోయిన బిడ్డను చంకనెత్తుకొని తిరుగునదియు స్త్రీయే. అర్జీలు పెట్టి పెట్టి విసిగిన ఆ ప్రాంతపువారికి 1996లో ఒక యుపాయము తోచినది. జలసాధన సమితి యను సంఘము ముందు నడచినది. దానికి నాయకుడు దుశర్ల సత్యనారాయణ గారు, అనంతగిరికి దూరముగాని మోతె మండలము రాఘవాపురమువారు. తమ సొంతభూమిలో అడవిని పెంచినవారుగా గూడ ప్రసిద్ధులు. ఆ సంవత్సరపు లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానమునకు వందలకొలది సామాన్యులు నామినేషన్లు వేసిరి. కోదాడ ప్రాంత మప్పుడు మిర్యాలగూడ లోక్‌సభ స్థానములో నుండెడిది గనుక మనవారికి ఆ ఓటు లేదు, చూచుచు నుండిరి. తుదకు పోటీలో నిలిచినవారు 480 మంది!

ఎన్నికలవారికి కాలుచేయి ఆడలేదు. అప్పటికి కాగితపు బ్యాలెట్లే గదా. అన్ని పేర్లు ఒక్క కాగితమున పట్టవు గనుక బ్యాలెటును పుస్తకముగా కుట్టింపవలసివచ్చెను. పెట్టెలు చాలలేదు. పోలింగే వాయిదా పడినది. దేశమంతటను పత్రికలు, "ఇంతమంది ఎందుకు నిలిచిరి?" అని అడిగినవి, అడిగినచోటనెల్ల "నీటికొరకు" అను నొక్కటే జవాబు వచ్చినది. పిమ్మట జరిగిన యెన్నికలో కమ్యూనిస్టు పక్షమునకు చెందిన బొమ్మగాని ధర్మభిక్షం గారు గెలిచిరి. తక్కినవారిలో దాదాపు అందరును డిపాజిట్టు కోల్పోయిరి. వారు గెలుచుటకు నిలువలేదు, వినబడుటకు నిలిచిరి. వారిని చీల్చినవారందుమా?

దీనికి ప్రభుత్వ మేమి చేసినదో వినుడు. ఆ సంవత్సరముననే తమిళనాడులో మొడకురిచ్చి శాసనసభ స్థానమునకు 1,033 మంది నిలిచిరి. ఈ యుపద్రవమును మాన్పుటకు చట్టము సవరించిరి. లోక్‌సభ అభ్యర్థి కట్టవలసిన డిపాజిట్టు 500 రూపాయలనుండి 10,000 రూపాయలకు పెరిగెను; స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు కావలెననిరి. 2010 నుండి ఆ డిపాజిట్టు 25,000 రూపాయలు. ఆటగా నిలుచువారిని ఆపుట మంచిదే. కాని దాహమని కేక వేసినవారికి మొదట దొరికిన జవాబు నీరు కాదు, రుసుము హెచ్చుట!

ఐనను కేక ఆగలేదు. 2019లో నిజామాబాదు లోక్‌సభ స్థానమున 185 మంది నిలిచిరి. వారిలో నూటడెబ్బదిమందికి పైగా రైతులు. పసుపునకు ధర కావలెననియు, పసుపుబోర్డు కావలెననియు వారి కోరిక. ఒక్కొక్కరు హెచ్చిన డిపాజిట్టు కట్టియే నిలిచిరి. ఆ యెన్నికలో అప్పటి సభ్యురాలు కవిత గారు 70,875 ఓట్ల తేడాతో ధర్మపురి అరవింద్ గారి చేతిలో ఓడిరి. రైతులవలననే ఓడిరని కొందరు, కాదని కొందరు వాదించిరి. కాని పసుపుమాట మాత్రము మరుగున పడలేదు. జాతీయ పసుపుబోర్డును 2023లో కేంద్రప్రభుత్వము ప్రకటించినది. 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రముగా అది ప్రారంభమైనది. నల్లగొండలోను, ఇంటింటికి నల్లానీ రిచ్చు మిషన్ భగీరథ పథకపు పైలానును 2015లో ఫ్లోరైడు ప్రాంతమైన చౌటుప్పలుననే నెలకొల్పిరి. ఇదంతయు ఓడినవారి చలువయే యని మేము చెప్పము. పనులకు కారణము లనేకములు. కాని ఆ దినమున వారందరును "మన ఓటు వృథా యగును" అని తలచి యింట కూర్చుండినచో, ఆ నీటిమాట అంతదూరము వినబడియుండెడిది కాదు.

అడుగు తీరు మార్చిన

పండుగ పిండివంట లెక్కకు మరల వత్తము. పాయసము కోరిన యిద్దరిని, "పాయసము కానిచో మీ కేమి కావలెను?" అని రెండవమారు అడిగియుండిన నేమగును? వారు భక్ష్యములందురు. అప్పుడు భక్ష్యములకు ఐదు, గారెలకు నాలుగు. ఎవరి కోరికయు చంపకుండ, ఎవరిని తిట్టకుండ, ఎక్కువమంది మెచ్చిన వంట తేలును.

ఇది ఊహ మాత్రమే కాదు. వరంగల్లు-ఖమ్మము-నల్లగొండ పట్టభద్రుల స్థానమునుండి శాసనమండలికి జరుగు ఎన్నిక ఇట్టిదే. కోదాడ ప్రాంతమున చదువుకొన్న ఆడపడుచులు అనేకులకు ఆ ఓటున్నది. అచ్చట మీట నొక్కుట లేదు. పేర్ల యెదుట 1, 2, 3 అని తమ యిష్టము వరుసగా అంకెలు వేయుదురు. చెల్లిన మొదటి ఓట్లలో సగమునకు మించినవి యెవరికిని రానిచో, అన్నిటికంటె తక్కువ వచ్చినవానిని తొలగించి, అతని కాగితములలోని తరువాతి అంకె చూచి పంచుదురు. 2021లో ఈ స్థానమున 71 మంది నిలిచిరి. మొదటి లెక్కలో ఎవరికిని సగము రాలేదు. దినముల తరబడి ఒక్కొక్కరిని తొలగించుచు లెక్కింపగా, తుదకు పల్లా రాజేశ్వర్ రెడ్డి గారు గెలిచిరి. డెబ్బదియొక్కరు నిలిచినను, మూడవవానికి వేసిన ఓటు బావిలో పడినట్లు కాలేదు. వేసినవారి రెండవ మాటయు లెక్కకు వచ్చినది. లెక్క ఆలస్యమగుటయు, అంకెలు తప్పుగా వేసి ఓట్లు చెల్లకుండుటయు ఈ పద్ధతిలోని లోపములు. పెద్ద యెన్నికలకు ఇది తగునా కాదా యని పెద్దలు విచారింతురు గాక. చీలిక యనునది మనుష్యుల నేరము గాదు, లెక్కించు తీరువలన వచ్చునదని చూపుటకే ఈ సంగతి చెప్పితిమి.

ఆ ఓటు ముందుగా ఎవరిది?

ఇక మన సంగతి. 1951-52లో మొదటి సార్వత్రిక ఎన్నికలకు జాబితాలు వ్రాయునప్పుడు, ఉత్తరదేశమున లక్షలకొలది స్త్రీలు తమ పేరు చెప్పక "ఫలానివాని భార్యను", "ఫలానివాని తల్లిని" అని చెప్పిరి. అట్టి పేర్లు చెల్లవని ఎన్నికల సంఘము నిర్ణయింపగా, దాదాపు 28 లక్షల మంది స్త్రీలు జాబితానుండి తొలగింపబడిరి. అదే యెన్నికలలో మన పాత నల్లగొండ జిల్లాలోని ఆలేరునుండి ఆరుట్ల కమలాదేవి గారు హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. ఒకచోట పేరే చెప్పని స్త్రీ, మరొకచోట సభలో కూర్చున్న స్త్రీ! రెండును ఒక్క కాలమున జరిగినవే.

నేడు మన పేర్లు జాబితాలో నున్నవి. కాని యిండ్లలో ఓట్లను ఇంకను గంపగుత్తగా లెక్కించుచున్నారు. "ఆ యింట ఆరు ఓట్లు మావి" అని నాయకు డనును. ఆ యారింటిలో అత్తగారిది, కోడలిది, చదువుకొను ఆడపిల్లది గూడ నున్నవి; వారి నెవరు నడిగిరి? కోడలు వేరుగా ఆలోచించిన, "గెలువనివానికి వేసి ఓటు పాడుచేయకు" మని యిల్లంతయు బోధించును. చీల్చుట యను నింద పెద్ద యెన్నికలలో మూడవ అభ్యర్థిపై పడునట్లే, ఇంటిలో వేరు తలంపు గల స్త్రీపై పడుచున్నది.

మూడవవానికే వేయవలెనని మేము బోధించుట లేదు. మిక్కిలి చెడ్డవాడు రాకుండుటకై, తన కంతగా నచ్చకున్నను గెలువగలవానికి వేయుట గూడ తెలివైన పనియే. తీపి అసలే లేకుండుటకంటె భక్ష్యములు మేలని పాయసము కోరినామె తలచుట తప్పు గాదు. కాని ఆ లెక్క ఆమె వేసికొనవలయును; ఆమెకొరకు మరియొకరు వేయరాదు. అభ్యర్థి దేనికొరకు నిలిచెనో ముందు తెలిసికొనుడు: గెలుచుటకా, వినబడుటకా, ఎవరిపేరునో పోలి పొరపాటు పుట్టించుటకా? యంత్రము కడ నిలిచినప్పుడు బొమ్మ యొక్కటి చూచి మీట నొక్కక, పేరును, ఛాయాచిత్రమును గూడ చూడుడు. నొక్కిన తరువాత ప్రక్కపెట్టె అద్దములో ఏడు సెకండ్లు కనబడు చీటిపై మీరు కోరిన పేరే యున్నదా యని చదువుకొనుడు. చదువురాని అత్తగారికి ముందురాత్రి నమూనా కాగితము చూపి, ఏది కారో, ఏది రోడ్డురోలరో నేర్పుడు. ఎవరికి వేయవలయునో మాత్రము నేర్పవలదు.

అనంతగిరిలోని ఆ తల్లి యడిగిన ప్రశ్నకు కుమారుడు జవాబు చెప్పలేదని వ్రాసితిమి. మరునాడు మేము బయలుదేరునప్పుడు ఆమెనే యడిగితిమి: "అమ్మా, ఆ ఓటు ముందుగా ఎవరిదని మీ తలంపు?" ఆమె వాకిట చీపురు ప్రక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకొని, "నా వేలికి సిరా పెట్టిండ్రు గదమ్మా, పార్టోళ్ల వేలికి పెట్టిండ్రా?" అని మరల పనిలో పడినది.